ఆ గ్లాసు జరిపింది నేను

మా తోడల్లుడు మా మామగారి చేత మందు తాగించాడని, పదకొండేళ్ల ఒట్టును ఒక్క మధ్యాహ్నంలో చెడగొట్టాడని మా రెండు కుటుంబాల్లోనూ, స్నేహితుల ఇళ్లలోనూ నాలుగేళ్లుగా చెప్పుకుంటున్నారు. అది అబద్ధం. తాగించింది ఆయన కాదు, నేను. ఆ అబద్ధాన్ని పుట్టించిందీ నేనే, నలుగురిలో పెంచి పెద్ద చేసిందీ ఎక్కువగా నేనే. అందుకే ఆ రోజు ఏం జరిగిందో, నాకు అనుకూలంగా లేని చోట్లు కూడా వదలకుండా రాస్తున్నాను.

ముందు ఒట్టు సంగతి. మా మామగారు తెనాలిలో కరెంటు ఆఫీసులో లైన్ ఇన్‌స్పెక్టరుగా చేసి రిటైరయ్యారు. ముప్పై ఏళ్లు తాగారు. రిటైరైన ఏడాది తాగి మోపెడ్ నడుపుతూ కల్వర్టు మీంచి పడి తొడ ఎముక విరగ్గొట్టుకున్నారు. టెక్సాస్ నుంచి పెద్ద కూతురు పరుగున వెళ్లింది. మామగారు ఆసుపత్రి మంచం మీద నుంచే ఆవిడ నెత్తిన కుడిచెయ్యి పెట్టి, ఇక జన్మలో ముట్టనని ఒట్టు వేశారు. ఒట్టు తప్పితే ఎవరి తల మీద చెయ్యి పెట్టామో ఆ తలకే చుట్టుకుంటుందని మావాళ్ల నమ్మకం. చదువుకున్నవాళ్లం, ఇలాంటివి నమ్మమంటాం. కానీ నిజమో కాదో పరీక్షించి చూసే సాహసం ఎవరమూ చేయం. మామగారు పదకొండేళ్లు చేయలేదు. పెళ్లిళ్లలో మగవాళ్ల మధ్య గ్లాసులు తిరగడం మొదలవగానే లేచి వెళ్లి వంటవాళ్ల దగ్గర కూర్చునేవారు.

నాలుగేళ్ల కిందట ఆయన ఆర్నెల్ల కోసం అమెరికా వచ్చారు. అప్పటికి మా అత్తగారు పోయి రెండేళ్లయింది. మూడు నెలలు కాలిఫోర్నియాలో, డబ్లిన్‌లోని మా ఇంట్లో, మూడు నెలలు డాలస్ పక్కన కాపెల్‌లో పెద్ద కూతురి ఇంట్లో ఉండాలని ఏర్పాటు. అక్టోబరులో ఆయన్ని తీసుకెళ్లడానికి మా వదిన, తోడల్లుడు డాలస్ నుంచి వచ్చారు.

తోడల్లుడి గురించి చెప్పాలి. నాకంటే రెండేళ్లు పెద్ద, ఆ ఇంటికి నాకంటే ఐదేళ్లు ముందు అల్లుడయ్యాడు. నేను పెళ్లి చూపులకి వెళ్లినరోజే ఆ ఇంట్లో ఉన్న ఒక్క పడక కుర్చీలో కాలు మీద కాలు వేసుకుని కూర్చుని నన్ను జీతం అడిగాడు. అప్పటినుంచీ ఆయన్ని అన్నయ్యా అనే పిలుస్తున్నాను, ఇరవై ఏళ్లుగా ఆ మాట నా నోట్లో రాయిలాగే ఉంది. ఆయన గ్రీన్ కార్డ్ నాకంటే ముందు వచ్చింది. ఇల్లు ముందు కొన్నాడు. డైరెక్టర్ అయ్యాడు. ఆ మధ్య వైన్ పిచ్చి పట్టుకుంది. గరాజ్‌లో దానికోసం వేరే ఫ్రిజ్, ఫోన్‌లో వేరే యాప్, వీకెండ్ క్లాసులు.

నా పరిస్థితి ఏమిటంటే, మార్చిలో లేఆఫ్ అయ్యాను. ఏడు నెలలుగా ఇంట్లోనే ఉన్నాను. మా ఆవిడ ఉద్యోగం మీద ఇల్లు నడుస్తోంది. ఈ సంగతి మామగారికి చెప్పలేదు. ఆయన ఉన్న మూడు నెలలూ పొద్దున తొమ్మిదికి పై గదిలోకి వెళ్లి తలుపేసుకుని, లాప్‌టాప్ తెరుచుకుని, ఐదింటికి కిందికి దిగేవాణ్ని. మధ్యాహ్నం ఆయనే మెట్లెక్కి వచ్చి మజ్జిగ గ్లాసు తలుపు బయట పెట్టి, మీటింగ్‌కి అడ్డమొస్తానేమోనని చప్పుడు చేయకుండా దిగిపోయేవారు. మా ఆవిడ వాళ్ల అక్కకి మాత్రం చెప్పింది. అక్క తన భర్తకి చెప్పింది. మామగారికి తెలియదన్న సంగతి ఆయనకి ఎవరూ చెప్పలేదని నాకు చాలా తర్వాత అర్థమైంది.

శనివారం కొండ ఊళ్లు చూసి, రెండు వైనరీలకు వెళ్లి సాయంత్రానికి తిరిగి రావాలని ప్లాన్ వేసింది తోడల్లుడే. వైన్ అంటే నాపాకే అందరూ వెళ్తారు, అక్కడ అంతా షో, అసలైన పాత ద్రాక్షతీగలు సియెర్రా కొండల కింద ఉన్నాయన్నాడు. ఎవరో ఒకరు తాగకుండా ఉండాలి కాబట్టి నేను డ్రైవ్ చేస్తానన్నాను.

"కరెక్ట్ బ్రో," అన్నాడు. "ఈ మధ్య నీకు డ్రైవింగే కదా ఫుల్‌టైమ్."

మా అమ్మాయిని ఈతకీ, ట్యూషన్‌కీ తిప్పుతున్నానని ఆయన ఉద్దేశం. వదిన నవ్వింది. మా ఆవిడ కూడా నవ్వి, వెంటనే ఆపేసింది. మామగారికి అర్థం కాలేదు. నేను నవ్వాను.

అమ్మాయిని స్నేహితురాలి ఇంట్లో దింపి ఐదుగురం మినీవ్యాన్‌లో బయల్దేరాం. తోడల్లుడు నా పక్క సీట్లో కూర్చుని, ఫోన్‌లో దారి చెప్తున్నా నమ్మకుండా తనూ చెప్తున్నాడు. లేన్ మారు. ఇప్పుడు కాదు. ఇప్పుడు. ఆల్టమాంట్ కొండల మీద గాలిమరలు సగం ఆగిపోయి ఉన్నాయి. మామగారు వెనక సీట్లోంచి కరెంటు స్తంభాలు చూస్తున్నారు. ఇన్సులేటర్లు లెక్కపెట్టి ఏ లైన్‌లో ఎంత వోల్టేజీ పోతోందో చెప్పారు. స్టాక్‌టన్ దాటాక వాల్‌నట్ తోటలు, అవి అయిపోయాక ఎండిన గడ్డి కొండలు, వాటి మీద అక్కడొకటి అక్కడొకటి ఓక్ చెట్లు. ఎండు గడ్డి మీద ఎండ పడితే కళ్లు చిట్లించుకోవాల్సి వచ్చింది. ఆ రోజు నేను గమనించిన అందం అంతే. మిగతా దారంతా పక్క సీట్లో మనిషి మోకాలు ఊపుకోవడం గమనించాను.

సట్టర్ క్రీక్‌లో ఆగాం. ఒకటే పెద్ద వీధి. చెక్క బాల్కనీలు ఫుట్‌పాత్ మీదికి వంగి ఉన్నాయి. అప్పట్లో బంగారం తవ్వుకోవడానికి వచ్చినవాళ్లు కట్టిన ఊరు, ఇప్పుడు పాత సామాన్ల దుకాణాలూ ఐస్‌క్రీమ్ షాపులూ. తోడల్లుడు బంగారం చరిత్ర చెప్తూ నడిచాడు. మామగారు ఒక వంకర స్తంభం కింద నిలబడి, దీన్ని ఎవరు పాస్ చేశారని అడిగారు. బంగారం అయిపోయాక ఈ ఊరివాళ్లు ఏంచేశారని కూడా అడిగారు. ద్రాక్ష వేశారు మామయ్యా అన్నాడు తోడల్లుడు.

పార్కులో బల్ల మీద మా ఆవిడ పులిహోర, పెరుగన్నం డబ్బాలు తీసింది. తోడల్లుడు నిలబడే తిన్నాడు. తింటూనే, వైనరీ దగ్గర మాత్రం ఈ డబ్బాలు బయటికి తీయొద్దు, బయటి ఫుడ్ వాళ్లు ఒప్పుకోరు, మనల్నే చూస్తారు అన్నాడు. పొద్దున నాలుగున్నరకి లేచి కలిపింది మా ఆవిడ. నేను అనాల్సింది, అనలేదు. డబ్బా మూత గట్టిగా పెట్టాను.

మొదటి వైనరీ ప్లిమత్ దాటాక ఒక లోయలో ఉంది. కోతల కాలం. షెడ్డు బయట పిండేసిన ద్రాక్ష తొక్కలు కుప్పగా పోసి ఉన్నాయి. ఆ పులిసిన వాసన కారు తలుపు తీయగానే ముఖానికి కొట్టింది. మామగారు దిగి, డోర్ పట్టుకుని, కొంచెంసేపు అలాగే నిలబడ్డారు. నడుం పట్టేసిందా నాన్నా అని వదిన అడిగింది. లేదమ్మా అన్నారు.

లోపల తోడల్లుడు గ్లాసు తిప్పి, ముక్కు లోపల పెట్టి, ప్లమ్ అన్నాడు, లెదర్ అన్నాడు, కొంచెం పొగాకు అన్నాడు.

"పొగాకు వాసనకైతే గుంటూరు సరిపోయేదిగా పెద్దల్లుడూ," అన్నారు మామగారు. అందరం నవ్వాం. ఆయన కూడా నవ్వాడు. ఆ నవ్వులోనే అన్నాడు, "వైన్ మందు కాదు మామయ్యా, ఫుడ్. ఇక్కడ భోజనంలో భాగం. ఒక సిప్ చూడండి." వదిన తలెత్తి చూసింది. వెంటనే రెండు చేతులూ పైకెత్తి, జోక్, జోక్ అన్నాడు.

ఈ జోక్ తర్వాత అందరికీ గుర్తుంది. ఆ వెనకే ఆయన చేసిన పని ఎవరికీ గుర్తులేదు. కౌంటర్‌లో అమ్మాయిని పిలిచి, మా మామగారు ఆల్కహాల్ తీసుకోరు, ఇవే ద్రాక్షలతో చేసిన జ్యూస్ ఉంటే ఇలాంటి గ్లాసులోనే ఇవ్వండి, ఆయన ఒక్కరే ఖాళీ చేతులతో కూర్చోకూడదు అన్నాడు. రెండో వైనరీలో కూడా అలాగే ఇవ్వాలని బుకింగ్‌లోనే రాసి ఉంచాడు. నేను ఆయన పక్కనే ఉన్నాను, విన్నాను.

ఆ తర్వాత ఆయన నావైపు తిరిగాడు. సిగ్గుపడకు బ్రో, రెజ్యూమె పంపు అన్నాడు. ఏడు నెలల గ్యాప్ అంటే ఇప్పుడు మార్కెట్‌లో కష్టమే, నీ లెవెల్ పొజిషన్ రాకపోయినా మా వెండర్స్‌తో మాట్లాడి కాంట్రాక్ట్ ఏదైనా చూస్తాను, ఊరికే ఇంట్లో కూర్చుంటే మనిషి పాడైపోతాడు అన్నాడు. మంచి మనసుతోనే అన్నాడని ఇప్పుడు ఒప్పుకుంటాను. అప్పుడు మాత్రం, మా ఆవిడ ముఖం పాలిపోవడం, మామగారు జ్యూస్ గ్లాసు కింద పెట్టి నన్ను చూడటం, ఈ రెండే నాకు కనిపించాయి. మామగారు బల్ల కింద నా మోకాలు మీద రెండుసార్లు తట్టారు. ఆ తట్టడంతో నాకు లోపల ఏదో మండింది. తోడల్లుడు నన్ను అవమానించాడని కాదు. మజ్జిగ తెచ్చిన మూడు నెలల మధ్యాహ్నాలూ మామగారికి ఇప్పుడు గుర్తొచ్చి ఉంటాయని.

రెండో వైనరీ ఇంకో కొండ మీద ఉంది. బయట ఓక్ చెట్టు కింద బల్ల ఇచ్చారు. బెంచీకి ఆనుకుని రాళ్లతో కట్టిన చిన్న గట్టు. ఇక్కడ ఒక చెక్క పలక మీద నాలుగు రకాల వైన్ గ్లాసులు ఒకేసారి తెచ్చి పెడతారు. తోడల్లుడికి ఒక పలక, అక్కాచెల్లెళ్లిద్దరికీ కలిపి ఒకటి, మామగారికి జ్యూస్, నాకు మంచినీళ్లు. తోడల్లుడు రెండు గ్లాసులు పూర్తిచేసేసరికి లోపలినుంచి మనిషి వచ్చి, పీపాల గది చూపిస్తాను రమ్మన్నాడు. ఆడవాళ్లు అప్పటికే తీగల మధ్య ఫోటోలు తీసుకోవడానికి వెళ్లారు. తోడల్లుడు లేస్తూ నాతో అన్నాడు, "ఈ రెండూ కదిలించకు బ్రో, వచ్చాక కంపేర్ చేయాలి."

డ్రైవరు ఉద్యోగం అయింది, ఇప్పుడు గ్లాసులకి కాపలా అనుకున్నాను.

బల్ల దగ్గర మామగారూ నేనూ మిగిలాం. ఏడు నెలలా అని అడిగారు. అవునన్నాను. నాతో చెప్పొచ్చుగా బాబూ అన్నారు. ఆ తర్వాత ఆ రెండు గ్లాసుల వైపు చూశారు. పొద్దున్నుంచీ ఆ వాసన వదలడం లేదన్నారు. ఒక్కసారి రుచి ఎలా ఉంటుందో చూస్తే ఏమవుతుందని అడిగారు. అడిగింది ఆయనే. ఇది దాచను, ఎందుకంటే ఆయనకీ తెలుసు. కానీ ఆయన అడిగిన తీరు, వద్దనమని అడిగిన తీరు. పక్కన మనిషి ఒక్క మాట అంటే చాలు, ఆగిపోయే గొంతు అది. ఆ గొంతుని నేను గుర్తుపట్టాను. గుర్తుపట్టే ఆ మాట అనలేదు.

మందు కాదు, ఫుడ్ అని మీ పెద్దల్లుడే చెప్పాడు కదా అన్నాను.

"ఒట్టుందిగా," అన్నారు.

మా వైపు పిల్లలు ఆటల్లో ఒట్టు వేసి, తర్వాత అక్కర్లేదనుకుంటే ఒక మాట అనేసి వదిలించుకుంటారు. ఆ మాట నేను డెబ్బై ఏళ్ల మనిషితో అన్నాను.

"ఒట్టు తీసి గట్టు మీద పెట్టండి మామయ్యగారూ."

ఆయన నవ్వారు. చిన్నపిల్లాడిలా అరచెయ్యి చాపి పక్కనున్న రాళ్ల గట్టు మీద ఆనించారు. ఆ చెయ్యి గట్టు మీద ఉండగానే నేను మా తోడల్లుడి గ్లాసు బల్ల మీద ఆయన ముందుకి జరిపాను. కంపేర్ చేసుకోవాలన్నాడు కదా, చేసుకోనీ అనుకున్నాను. నా మనసులో ఉన్నది అంతే. వదిన తల, పదకొండేళ్లు, విరిగిన తొడ ఎముక, ఏవీ లేవు.

మొదటి గ్లాసు నెమ్మదిగా తాగారు. రెండోది ఒక గుక్కలో. అప్పటికైనా ఆపొచ్చు. ఆయన ఖాళీ గ్లాసు చూస్తుంటే నేను లేచి, లోపల కౌంటర్ దగ్గర నిండు గ్లాసు ఒకటి తీసుకుని వచ్చి ఇచ్చాను. అది కూడా తాగాక ఆ గ్లాసు నేనే తీసుకెళ్లి కౌంటర్ మీద పెట్టి వచ్చాను. ఆయన ముందు తోడల్లుడి ఖాళీ గ్లాసులు మాత్రమే ఉండాలని. తెలిసి చేశానని చెప్పడానికి ఇంతకంటే సాక్ష్యం అక్కర్లేదు.

ఆడవాళ్లు తిరిగి వచ్చేసరికి మామగారి గొంతు పెరిగింది. స్తంభం మీంచి పడి చనిపోయిన ఒక లైన్‌మన్ గురించి నాకు చెప్తూ ఏడుస్తున్నారు. వదిన చీర కొంగుతో ఆయన ముఖం తుడవబోయి వంగి, అలాగే ఆగిపోయింది. వాసన తగిలింది. ఎవరిచ్చారు నాన్నా అని అడిగింది. ఆయన నన్ను చూశారు. గ్లాసుల్ని చూశారు. తల దించుకున్నారు. వదిన నావైపు తిరిగింది.

"అవి అన్నయ్య గ్లాసులు," అన్నాను.

నిజమే. ఆయన గ్లాసులే. నేను జీవితంలో ఆడిన అతి పెద్ద అబద్ధంలో ఒక్క తప్పు మాట లేదు.

అప్పుడే తోడల్లుడు రెండు సీసాలు గుండెకి హత్తుకుని నవ్వుతూ వచ్చాడు. వదిన గొంతు పెంచలేదు.

"పొద్దున్నుంచి ఫుడ్, ఫుడ్ అంటే జోక్ అనుకున్నాను. నా తల మీద ఒట్టేసిన మనిషికి మీరు పోస్తారా?"

ఆయనకి అర్థం కావడానికి కొంచెం సమయం పట్టింది. నేను లోపలున్నాను, నేనెక్కడ పోశానన్నాడు. వెళ్లేటప్పుడు నాన్న ముందు పెట్టి వెళ్లారా అని వదిన అడిగింది. లేదన్నాడు. పక్క బల్లలవాళ్లు మావైపు చూస్తున్నారు. ఆయన నావైపు తిరిగాడు. "బ్రో, నువ్వు ఇక్కడే ఉన్నావుగా. చెప్పు."

"నేను రెస్ట్‌రూమ్‌కి వెళ్లాను," అన్నాను. ఇది మామూలు అబద్ధం.

ఆయన నన్ను కాసేపు చూసి, చెయ్యి చాపి కారు తాళాలు ఇవ్వమన్నాడు, తను డ్రైవ్ చేస్తానన్నాడు. తాగినవాళ్లు డ్రైవ్ చేయక్కర్లేదని వదిన అంది. ఆయన చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

తిరుగు దారి పట్టాం. కొండ దిగాక మామగారికి వాంతి వచ్చింది. కారు పక్కకి ఆపాను. అందరికంటే ముందు దిగింది తోడల్లుడే. ఎండు గడ్డిలో మోకాళ్ల మీద కూర్చుని మామగారి నుదురు పట్టుకున్నాడు. నీళ్లు పోసి ముఖం కడిగాడు. ఆ తర్వాత నా వ్యాన్ సీటు టిష్యూలతో తుడిచాడు. మీరు ముట్టుకోకండి, నేను చూసుకుంటానని వదిన అంటున్నా తుడిచాడు. నేను స్టీరింగ్ మీద చేతులు పెట్టుకుని అద్దంలో చూస్తూ కూర్చున్నాను.

మర్నాడు ముగ్గురూ డాలస్ వెళ్లిపోయారు. మామగారు నా పేరు చెప్తారేమోనని వారం రోజులు నిద్రపట్టలేదు. చెప్పలేదు. చెప్తే తను అడిగానని కూడా చెప్పాలి. అలా మేమిద్దరం ఒకరి నోరు ఒకరం కట్టేసుకున్నాం, మధ్యలో మూడో మనిషిని పెట్టి.

జనవరిలో కాపెల్‌లో రోడ్ల మీద మంచు గడ్డకట్టింది. చెత్తడబ్బా బయట పెట్టడానికి వెళ్లిన వదిన వాకిట్లో జారి పడింది, మణికట్టు విరిగింది. మామగారు కిటికీలోంచి చూశారు. ఆ రోజు అన్నం ముట్టలేదు. వారంలో టికెట్ మార్పించుకుని తెనాలి వెళ్లిపోయారు. ఆ తర్వాత ఎంత పిలిచినా రాలేదు. వదిన భర్తతో అవసరానికి మించి మాట్లాడటం మానేసిందని మా ఆవిడ నాకు చెప్పింది. ఆవిడ బాధగా చెప్తుంటే నేను పళ్లెంలో తల పెట్టుకుని తింటున్నాను, తల ఎత్తితే నా ముఖంలో సంతోషం కనిపిస్తుందని. ఉండేది. అబద్ధం చెప్పను.

నాకు వేరే ఉద్యోగం వచ్చింది. స్నేహితుల ఇళ్లలో తలా ఒక వంటకం తెచ్చుకునే పాట్‌లక్‌లకి వెళ్లినప్పుడు వైన్ మాట వస్తే, ఎవరో ఒకరు ఆ ట్రిప్ కథ అడిగేవారు. నేనే చెప్పేవాణ్ని. గ్లాసు తిప్పడం, లెదర్, పొగాకు, ఫుడ్ అనడం అన్నీ నటించి చూపించేవాణ్ని. చివర్లో సీసాలు హత్తుకుని నిలబడ్డ మనిషి దగ్గర అందరూ నవ్వేవారు.

ఈ మార్చిలో వదినకి గాల్ బ్లాడర్ ఆపరేషన్ అన్నారు. మామూలు ఆపరేషన్, సాయంత్రానికి ఇంటికి పంపేస్తారు. మా ఆవిడ వీడియో కాల్‌లో వాళ్ల నాన్నకి ఆ సంగతి చెప్పింది. నేను పక్కన వంటింట్లో బెండకాయలు తరుగుతున్నాను. ఆ ముసలాయన ఏడుపు వినిపించింది. అంతా నావల్లే, చెయ్యి పోయింది, ఇప్పుడు కడుపు కోస్తున్నారు, నేను పోతే గానీ దానికి పీడ వదలదు అంటున్నారు. ఫోన్ పెట్టేశాక మా ఆవిడ వచ్చి, బావగారు చేసిన పనికి చూడండి, నాన్న ఎలా అయిపోతున్నారో అంది.

బావగారు కాదు, నేనన్నాను.

మొత్తం చెప్పాను. ఆవిడ స్టవ్ ఆపి, నిలబడే వింది. అక్కావాళ్లకి మీరే చెప్పండి, నేను చెప్పను అంది. ఇప్పటికీ ఆ సంగతి నాతో ఏమీ అనలేదు, అది కొట్లాట కంటే ఘోరంగా ఉంది.

ఆపరేషన్ అయిన వారానికి కాపెల్‌కి ఫోన్ చేశాను. స్పీకర్‌లో పెట్టమన్నాను. చెప్పడం పూర్తయ్యాక తోడల్లుడు మళ్లీ మొదటినుంచి చెప్పమన్నాడు. చెప్పాను. ఒక చోట ఆపాడు.

"ఎక్కడికి వెళ్లావని చెప్పావు?"

"రెస్ట్‌రూమ్‌కి."

"వెళ్లావా?"

"లేదు అన్నయ్యా."

"అన్నయ్యా అనకు," అన్నాడు. "నువ్వు వెళ్లలేదని నాకు ఆ రోజే తెలుసు. పీపాల గది కిటికీలోంచి చూశాను, కౌంటర్ దగ్గర గ్లాసు పట్టుకుని నిలబడ్డావు. నువ్వు తాగుతున్నావనుకున్నాను. ఉద్యోగం పోయినవాడు చాటుగా తాగుతున్నాడు, అందరిముందు అడిగితే మీ ఆవిడ ముందు పరువు పోతుందనుకున్నాను. అందుకే తాళాలు అడిగాను. రెండు గంటలు నీ స్టీరింగ్ మీదే కళ్లు పెట్టుకుని కూర్చున్నాను రా."

క్షమించమన్నాను. క్షమాపణ తనకి అక్కర్లేదన్నాడు. "ఈ కథ ఎంతమందికి చెప్పావో వాళ్లందరికీ నువ్వే మళ్లీ చెప్పు. మెసేజ్ పెట్టడం కాదు, ముఖం చూపించి చెప్పు." ఫోన్ పెట్టేశాడు.

ఆ రోజే తెనాలికి చేశాను. మామగారు అంతా విన్నారు.

"నేను అడిగానని కూడా చెప్పావా?"

"చెప్పాను మామయ్యగారూ."

"నన్నొకసారి అడిగి చెప్పాల్సింది," అన్నారు.

అది కూడా నిజమే. ఆయన దాచుకున్నది కూడా నేనే తీసి బయట పెట్టాను, ఆయన్ని అడగకుండా. ఆ తర్వాత ఆయన నా ఫోన్ ఎత్తడం లేదు. వదిన ఆయనకి ఫోన్ చేసి, నా చెయ్యి విరిగింది నీ ఒట్టు వల్ల కాదు, పాత చెప్పుల వల్ల అని చెప్పిందట. నమ్మారో లేదో తెలియదు. తోడల్లుడు మాత్రం ప్రతి ఆదివారం ఆయనతో మాట్లాడుతున్నాడని, శీతాకాలం దాటాక కాపెల్ వస్తానని ఆయన ఒప్పుకున్నారని మా ఆవిడ ఫోన్‌లో ఎవరితోనో అంటుంటే విన్నాను. డబ్లిన్ మాట రాలేదు.

నేనూ మా ఆవిడా కూర్చుని పేర్లు రాశాం. పదమూడు కుటుంబాలు తేలాయి. ఒక్కో వారాంతం ఒకరిద్దరి ఇళ్లకి వెళ్లి చెప్పాను. కొందరు ఇబ్బందిపడి టీ తెచ్చారు. ఒకాయన, ఇంత చిన్న విషయానికి ఇల్లు వెతుక్కుంటూ వచ్చావా బ్రో అని నవ్వాడు. ఒకావిడ తలుపు దగ్గరే నిలబెట్టి, విని, మీ ఆవిడ ఎలా ఉందని మాత్రం అడిగింది. ఈ ఇళ్ల నుంచి ఇంకెన్ని ఇళ్లకి పాకిందో నాకు తెలియదు. వాళ్లందరి గుమ్మాలూ ఎక్కలేను కాబట్టి ఇది రాస్తున్నాను.

ఆఖరి కుటుంబం డబ్లిన్ నుంచి వేరే రాష్ట్రంలోని అరోరాకి మారిపోయింది. అంత దూరం వెళ్లలేక వీడియో కాల్ చేశాను. ఆయన గరాజ్‌లో ఏదో సర్దుకుంటూ విన్నాడు.

"అంటే మీ తోడల్లుడు మంచోడే అన్నమాట," అన్నాడు.

అవునన్నాను.

"మరి నాకు వేరేగా చెప్పారే. ఎవరు చెప్పారబ్బా?"

చెప్పింది నేనేనన్నాను. ఆయన చేతిలో పని ఆపి, మొదటిసారి ఫోన్ దగ్గరికి తీసుకుని నా ముఖం చూశాడు.